రంగు సంగతి తర్వాత, ముందు కిక్ కొట్టండి

ప్రశ్న: మా నాన్న 1991లో కొన్న హీరో హోండా సీడీ 100 పదేళ్లుగా కొట్టంలో పడుంది. కిక్ రాడ్ దిగట్లేదు, ట్యాంకు నిండా తుప్పు. ఇంటి దగ్గరే కెఫే రేసర్‌లా, అంటే పాతకాలపు రేసు బండి రూపంలోకి మార్చాలని ఉంది. వెనక ఫ్రేము కోయించి, సింగిల్ సీటు పెట్టి, నల్ల రంగు కొట్టిద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సీటు, రంగు అన్నీ ఆలోచించి పెట్టుకున్నారు గానీ ఇంజన్ తిరగట్లేదన్న ముక్క మాత్రం దారిన పోతూ అన్నట్టు అనేశారు. నా మొదటి బండికి నేనూ ఇలాగే చేశాను. ముచ్చటపడి ట్యాంకుకి రంగు వేయించి, బిగించి, పెట్రోల్ పోశాను. పెట్రోల్ ట్యాప్ వాషరు పాతదే ఉంచేశా. రాత్రంతా కారి, పొద్దున చూస్తే అడుగున రంగు అప్పడంలా పొంగి ఉంది. మామూలు డ్యూకో రంగు పెట్రోల్‌కి ఆగదు, పైన 2కె క్లియర్ కోటు, అంటే గట్టిపడే మందు కలిపి కొట్టే రంగులేని పూత ఉండాల్సిందే. అది కూడా ఇంట్లో గదిలో కొట్టే పని కాదు, ఆ పొగ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, షెడ్డులో ఇచ్చెయ్యండి.

సరే, ఇంజన్. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ కన్నంలో రెండు మూడు చెంచాల ఇంజనాయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్యండి. తర్వాత బండి సెంటర్ స్టాండు మీద ఉండగానే టాప్ గేర్లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా కదపండి. కిక్ మీద ఎగిరి దూకారంటే పిస్టన్ కదలదు సరికదా, లోపల కిక్ పళ్లు పోతాయి. చక్రంతో కూడా కదల్లేదంటే ఇక ఇంజన్ పైమూత, అదే హెడ్డు విప్పాల్సిందే. బోరులో, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ మీద గీతలు పడి ఉంటే లేత్ షాపులో ఓవర్ సైజుకి బోరు చేయించి కొత్త పిస్టన్ వెయ్యాలి. దీనికి కంగారు అక్కర్లేదు, ఇది 97.2 సీసీ ఇంజన్, 1994లో వచ్చిన స్ప్లెండర్‌లోనూ ఈ కుటుంబం ఇంజనే, కాబట్టి సామాను దొరుకుతుంది. మీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే కదా. పాత ముక్క చేత్తో పట్టుకునే వెళ్లండి, నోటితో చెబితే వేరే మోడల్‌ది చేతిలో పెడతారు.

పాత ఆయిల్ దింపినప్పుడు మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు దిగాయని అర్థం. ఈ బండికి కాగితం ఫిల్టరు ఉండదు. కుడివైపు క్లచ్ కవరు లోపల ఒక జాలీ, గిర్రున తిరిగే ఫిల్టరు ఉంటాయి, వాటిలో పేరుకున్న మడ్డి తియ్యకుండా కొత్త ఆయిల్ పోస్తే పోసినదంతా దండగ.

ట్యాంకుకి పెద్ద ఖర్చేమీ లేదు. చింతపండుతో ఇత్తడి బిందె తోమడం చూసే ఉంటారు, పులుపుకి తుప్పూ అలాగే వదులుతుంది. ట్యాప్ విప్పి ఆ కన్నం మూసి, తెల్ల వెనిగర్ నింపి ఒక రోజు ఉంచి, గుప్పెడు నట్లు వేసి బాగా ఊపండి. ఆ తర్వాత వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి వెంటనే ఎండబెట్టాలి, సాయంత్రం చూద్దాంలే అన్నారంటే మళ్లీ ఎర్రగా పట్టేస్తుంది. ఆరగానే కాస్త ఆయిల్ కలిపిన పెట్రోల్ తిప్పి పారబోయండి. రబ్బరు పైపులన్నీ మార్చండి, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఆ కాలం రబ్బరు దానికి తట్టుకోదు. కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న కన్నం ముక్క, అదే జెట్‌లో పిన్నీసు మాత్రం పెట్టకండి, కన్నం రవ్వంత పెద్దదైనా బండి పెట్రోల్ తాగడం మొదలుపెడుతుంది.

ఇక ఫ్రేము కోయించడం. నేనైతే వద్దంటాను. ఆర్సీలో రాసిన వివరాలకి, కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి తేడా వచ్చే మార్పులు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పైగా వంద సీసీ బండి వెనక భాగం కోసినంత మాత్రాన రేసర్ అయిపోదు, మీ అమ్మగారు వెనక కూర్చోలేరు, అంతే! బోల్టు విప్పి మళ్లీ ఎప్పటిలా పెట్టగలిగే మార్పులతో ఆగండి. సీటు కుట్టించుకోండి, గ్రిప్పులు, అద్దాలు మీ ఇష్టం. నలుపు బాగుంటుంది, కానీ రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించాలి.

ప్రశ్న: నా పాత సీడీ 100కి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ కొని పెట్టాను. వెలగట్లేదు. లైటు చెడ్డదా?
– వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, బ్యాటరీ మీద ఏం రాసుందో చూశావా? అప్పటి బళ్లు 6 వోల్టులవి, బజార్లో దొరికే ఎల్‌ఈడీలు దాదాపు అన్నీ 12 వోల్టులవి. బ్యాటరీ ఒక్కటీ మార్చి సరిపెట్టాలని చూడకు. మాగ్నెట్ కాయిల్, రెగ్యులేటర్, బ్యాటరీ, హారన్, ఫ్లాషర్, బల్బులు అన్నీ ఒక్కసారే 12కి మార్చాలి. అంత పెట్టలేకపోతే 6 వోల్టుల్లోనే ఉండు, తుప్పు పట్టిన ఎర్తింగ్ పాయింట్లు గీకి కొత్త బల్బు వేస్తే ఆ లైటే ఎంతో నయమవుతుంది.

ప్రశ్న: బండి చనిపోయిన తాతగారి పేరు మీద ఉంది. ఆర్సీ గడువు ఎప్పుడో అయిపోయింది. బాగు చేయించి లాభముందా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఉందమ్మా, కానీ ఒక్క రూపాయి పెట్టకముందే రవాణా కార్యాలయానికి వెళ్లి రండి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకి రెన్యువల్. దానికి ఫారం 25, వారసుల పేరు మీదకి మార్చుకోడానికి ఫారం 31. ఆలస్య రుసుము, పన్ను బకాయి ఎంతో అడిగి రాయించుకోండి, ఒక్కోసారి అది బండి ధరని మించిపోతుంది. తనిఖీలో చాసిస్ నంబరు చూస్తారు. కాబట్టి రంగు వేసేవాడితో ముందే చెప్పండి, ఆ నంబరు మీద టేపు అంటించి గానీ స్ప్రే గన్ ముట్టుకోవద్దని.