డబుల్స్ బాగుందా, బాగున్నాయా?

సందేహం: మా ఆయనా నేనూ నాలుగు రోజుల సెలవు పెట్టి కరీబియన్ దీవి ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వెళ్లొచ్చాం. అక్కడి తిండి తినాలి, సంగీతం వినాలి, అంతే మా ప్లాను. ఇప్పుడు ఆ విశేషాలు తెలుగులో రాస్తున్నాను. ‘పొద్దున్నే బండి దగ్గర నిలబడి తలా రెండు డబుల్స్ తిన్నాం. డబుల్స్ చాలా బాగుంది’ అని రాస్తే మా ఆయన ‘బాగున్నాయి’ అని దిద్దారు. చివర ‘స్’ ఉంది కాబట్టి బహువచనమేనట. ఎవరిది ఒప్పు? ‘బారా’, ‘దాల్‌పురి’, ‘స్టీల్ పాన్’ లాంటి మాటల్ని అలాగే ఉంచాలా, తెలుగు చెయ్యాలా?

సమాధానం: మొదటి తగవులో మీదే ఒప్పు. మీ వారిని తప్పు పట్టడానికీ లేదు, ఎందుకంటే ఆ ‘స్’ ఎవరినైనా బోల్తా కొట్టిస్తుంది.

ముందు ఆ పదార్థం సంగతి చూద్దాం. పసుపు కలిపిన పిండితో చేసి నూనెలో వేయించిన మెత్తటి రొట్టెను అక్కడ బారా అంటారు. రెండు బారాల మీద ఉడికిన శనగల కూర వేసి, చింతపండు పచ్చడో, కుచేలా అనే మామిడి తురుము పచ్చడో తగిలించి, కాగితంలో చుట్టి చేతిలో పెడతారు. 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో మామూల్ దీన్ అనే ఆయన ఒక్క బారాతో అమ్ముతుంటే, తినేవాళ్లు ‘డబుల్ చెయ్యి’ అని అడగడంతో ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. బారాలు రెండు కాబట్టి ‘స్’ చేరింది. అయితే ఆ రెండూ కలిసి అమ్మకానికి ఒక వస్తువు. అందుకే ట్రినిడాడ్ వాళ్ల ఇంగ్లీషులోనే ‘ఒక డబుల్స్’, ‘రెండు డబుల్స్’ అంటారు. ఒక్కటి కావాలని ‘డబుల్’ అని అడిగితే బండివాడికి మీరు కొత్తవాళ్లని తెలిసిపోతుంది.

ఇది వాళ్ల వింత అలవాటు అనుకోకండి. మన హోటళ్ల బోర్డు గుర్తు చేసుకోండి: ‘మీల్స్ రెడీ’. ఇద్దరు వెళ్లి కూర్చుంటే ‘రెండు మీల్స్’ అని చెబుతాం. ఒక్కరే వెళ్తే? ‘ఒక మీల్స్’. ‘ఒక మీల్’ అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. తిని బయటికొచ్చి ‘మీల్స్ బాగుంది’ అంటాం. అన్నం, పప్పు, సాంబారు, పెరుగు, అప్పడం ఇన్ని ఉన్నా క్రియ ఏకవచనమే, ఎందుకంటే మన లెక్క ప్లేటుది. రెండు ప్లేట్లు వస్తే ‘రెండు మీల్స్ వచ్చాయి’ అంటాం. డబుల్స్‌కీ ఇదే లెక్క, అక్షరం పొల్లు పోకుండా.

జీన్స్ సంగతీ అంతే. ఇంగ్లీషువాడికి అది బహువచనం. మనకు ‘కొత్త జీన్స్ అప్పుడే చిరిగింది’. న్యూస్ వచ్చింది, మ్యాథ్స్ అర్థం కాలేదు, సర్కస్ వెళ్లిపోయింది. అదే చిప్స్ అయితే ‘మెత్తబడ్డాయి’, మార్క్స్ అయితే ‘తగ్గాయి’. ఇంగ్లీషులో ఆ ‘స్’ ఏ పని చేసిందన్నది తెలుగుకు పట్టదు. కంటి ముందు ఉన్నది ఒకటా పదా అన్నదే చూస్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ‘షూస్‌లు’, ‘చిప్స్‌లు’ అంటారు. మాటల్లో సరే గానీ, రాతలో వద్దు.

మన సొంత మాటల్లోనూ ఈ తిరకాసు తక్కువేం కాదు. పాలు, నీళ్లు పోసేవే గానీ లెక్కపెట్టేవి కావు. అయినా పాలు పొంగాయి, నీళ్లు కాగాయి. వ్యాకరణంలో వీటిని నిత్య బహువచనాలు అంటారు. బియ్యం దగ్గరికొస్తే ‘ఇంట్లో బియ్యం ఉంది’ అనేవాళ్లూ ‘ఉన్నాయి’ అనేవాళ్లూ ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ తగాదాలోకి ఇప్పుడు నన్ను దించకండి.

ఇక బారా. ఇది పరాయి మాట కాదు, మన వడకు చుట్టం. హిందీ, భోజ్‌పురి వైపు ‘వ’ ‘బ’గా మారి, ‘డ’ నాలుక మడిచి పలికే ఒక ధ్వని అయింది. ఆ ధ్వని ఇంగ్లీషులో లేదు కాబట్టి ‘ర’ అని స్థిరపడింది. పకోడా ఇంగ్లీషులో పకోరా అయినట్టే. ఇంతకీ ఆ మాట అక్కడికెలా చేరింది? 1845 మే 30న ఫాతెల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలతో ట్రినిడాడ్ చేరింది. అప్పటి నుంచి 1917 వరకూ చెరకు తోటల్లో పనికి లక్షా నలభై వేలకు పైగా మనుషులు వెళ్లారు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహార్ వైపువాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు తక్కువ. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. భాష తేడా లేకుండా అందరికీ ‘మద్రాసీ’ అనే పేరు పడింది. అందువల్ల వంటింటి మాటలు చాలావరకు భోజ్‌పురివే మిగిలాయి. చుట్టమే అయినా ‘వడ’ అని మార్చకండి. మనవాళ్లు చిల్లుతో కరకరలాడే మినప గారెను ఊహించుకుంటారు. బారా అనే రాయండి.

దాల్‌పురి విషయంలో మాత్రం ఒక మాట విడమరచి చెప్పాలి. పూరీ అనగానే మనకు నూనెలో పొంగేది గుర్తొస్తుంది. అది పెనం మీద కాల్చే రొట్టె, లోపల మెత్తగా పొడి చేసిన పప్పు కూరుతారు. ఆ ‘పురి’లో ఉన్నది నింపడమనే అర్థం, మన పూర్ణంలోనూ అదే ఉంది. కాబట్టి ‘తీపి లేని బొబ్బట్టు’ అని ఒక్కసారి చెబితే తెలుగు పాఠకుడికి వెంటనే బొమ్మ కడుతుంది. తర్వాత నుంచి దాల్‌పురి అనే రాయండి. బస్ అప్ షట్ అని ఇంకొకటి తినే ఉంటారు: గరిటెలతో కొట్టి పీలికలు చేసిన పరోటా. చిరిగిపోయిన చొక్కా అనే అర్థంలో ఉన్న ఇంగ్లీషు మాట అక్కడి నోళ్లలో అలా నలిగింది. దాన్ని తెలుగు చేస్తే నవ్వులపాలవుతుంది. పేరు ఉంచి, అర్థం చెప్పి వదిలెయ్యండి.

‘స్టీల్ పాన్’ అనే వాద్యం పేరు మటుకు మార్చాల్సిందే. ‘రాత్రి భోజనం చేసి పాన్ కోసం వెళ్లాం’ అని రాస్తే మీరు కిళ్లీ కొట్టుకు వెళ్లారనుకుంటారు. ‘ప్యాన్’ అని రాయండి, ఉచ్చారణకూ అదే దగ్గర. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ పాలకులు డోళ్లను అణచివేస్తే జనం వెదురు బొంగులు పట్టుకున్నారు. ఆ తర్వాత బిస్కట్ డబ్బాలు, చివరికి నూనె డ్రమ్ములు వచ్చాయి. డ్రమ్ము అడుగును సుత్తితో లోతుగా సాగగొట్టి, ఒక్కో సొట్ట ఒక్కో స్వరం పలికేలా తీర్చుతారు. నూనె పోసే డ్రమ్మునూ, వాయించే డ్రమ్మునూ మనం ఒకే మాటతో పిలుస్తున్నాం కదా, ఇక్కడ అది భలే కలిసొచ్చింది. క్రియగా ‘వాయించారు’ చాలు. ‘ప్లే చేశారు’ అక్కర్లేదు.

మీరు అడగకపోయినా ఒకటి దిద్దుతాను. మీ ఆయన దిద్దాల్సింది దాన్నే, ఆయన కంట పడలేదు. ‘తలా రెండు’ అన్నారు. ముగ్గురో అంతకంటే ఎక్కువమందో ఉన్నప్పుడు తలా. ఇద్దరే అయితే చెరి: చెరొకటి, చెరి సగం, చెరో రెండు. మొగుడూ పెళ్లాలు ఇద్దరే వెళ్లిన ప్రయాణంలో ‘తలా’ అంటే, మూడో మనిషి ఎవరా అని చదివేవాళ్లు వెతుక్కుంటారు. మీ వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: ‘పొద్దున్నే బండి దగ్గర నిలబడి చెరో రెండు డబుల్స్ తిన్నాం. మొదటిది బాగుంది, రెండోది ఇంకా బాగుంది.’