మీ ఉత్తరంలో అమ్మాయికి ఆరు లైన్లే

ఉత్తరం పెద్దది. సారాంశం ఇది:

"నాకు 38 ఏళ్ళు. మాది అనంతపురం, ఉండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. 2015లో మా అమ్మాయిని ఎల్‌కేజీలో చేర్చిన స్కూల్లోనే నేనూ టీచరుగా చేరాను. ఇప్పుడు తొమ్మిది, పది తరగతులకు మ్యాథ్స్ చెప్తున్నాను. వారానికి 32 పీరియడ్లు, ఎవరైనా రాకపోతే సబ్‌స్టిట్యూషన్లు, ఇంటికొస్తే కరెక్షన్, రాత్రి పదింటికి పేరెంట్స్ మెసేజ్‌లు. జీతం 36 వేలు, అమ్మాయి ఫీజులో సగం రాయితీ. మా ఆయన సాఫ్ట్‌వేర్. 'నీ జీతం మన ఈఎంఐకి కూడా చాలదు, ఈ మాత్రానికి గొంతు చించుకోవడం ఎందుకు' అంటారు. మా తోడికోడలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి ఏడాదిలో నాకు రెండింతలు సంపాదిస్తోంది. అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి, నా క్లాసే. స్కూల్లో తనను పలకరించొద్దంటుంది. టీచర్స్ డే రోజు నాకు చెప్పకుండా నా చీర కట్టుకుని, స్టేజీ మీద నన్ను అనుకరించింది. స్టాఫంతా నవ్వారు. అప్పట్నుంచి దానితో సరిగా మాట్లాడటం లేదు. నేను టెస్టింగ్ నేర్చుకోవాలా, ఆన్‌లైన్ ట్యూషన్లకు మారాలా, ఇక్కడే ఉండాలా?"
– ఒక టీచర్, బెంగళూరు

అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మీ ఆయన మాటలకు ఒకటిన్నర పేజీ, తోడికోడలి జీతానికి దాదాపు ఒక పేజీ, మేనేజ్‌మెంట్‌కు ఇంకో పేజీ. అమ్మాయికి ఆరు లైన్లు. లెక్కపెట్టాను.

మీరడిగినదానికి ముందే చెప్పేస్తాను, చిన్న జవాబే కాబట్టి. టెస్టింగ్ వద్దు. అదంటే మీకు ఇష్టమని ఉత్తరంలో ఎక్కడా లేదు, తోడికోడలికి జీతం బాగా వస్తోందని మాత్రమే ఉంది. ఆన్‌లైన్ ట్యూషన్లంటే సాయంత్రాలూ ఆదివారాలూ వాళ్ళకు రాసిచ్చెయ్యడమే. ఇప్పుడున్న చోట మానాలో వద్దో మార్చి అయ్యాక ఆలోచించండి. నడి ఏడాదిలో పదో తరగతిని వదిలి రావడం మీకూ ఇష్టం ఉండదు.

డబ్బు సంగతి ఎత్తారు కాబట్టి ఒక్క మాట. ఉద్యోగం మానేటప్పుడు మీకు గ్రాట్యుటీ వస్తుందన్న విషయం ఉత్తరంలో లేదు. చాలామంది ప్రైవేట్ స్కూలు టీచర్లకు ఇది తెలియదు, చెప్పేవాళ్ళూ ఉండరు. టీచర్లు గ్రాట్యుటీ చట్టం కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు అంటే, 2009లో పార్లమెంటు చట్టాన్నే సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచీ వర్తిస్తుందని రాసింది. స్కూళ్ళ వాళ్ళు మళ్ళీ కోర్టుకెక్కితే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనంది. ఐదేళ్ళు దాటినవారికి ఏడాదికి 15 రోజుల జీతం (బేసిక్, కరువు భత్యం మాత్రమే), నెలను 26 రోజులుగా లెక్కగడతారు. మీ 36 వేలల్లో బేసిక్, డీఏ కలిపి 24 వేలనుకుంటే, ఈ ఏడాది పూర్తి చేసేసరికి పదకొండేళ్ళకు లక్షా యాభై రెండు వేలు దాటుతుంది. లెక్కల టీచరు మీరు, వేసి చూసుకోండి. మీ స్లిప్పులో బేసిక్ ఎంతో ముందు చూడండి, కొన్నిచోట్ల కావాలనే తక్కువ వేస్తారు. రాత్రి ఎనిమిది తర్వాత మెసేజ్‌లకు జవాబివ్వనని పేరెంట్స్ గ్రూపులో ఒకసారి రాసి పెట్టండి. రెండు రోజులు అలుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

మీ ఆయన మాట తప్పే. ఇంటి ఈఎంఐతో భార్య పనిని కొలిచే మగవాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళ ప్రమోషన్ రానప్పుడు మాత్రం ఆ కొలత ఎందుకో గుర్తుండదు. ఆ మాటే ఆయనకు ఒకసారి నెమ్మదిగా చెప్పండి. కానీ మీ కష్టం అక్కడ లేదు. ఆయన పదేళ్ళుగా అంటున్నారు, మీరు పదేళ్ళుగా పని చేస్తూనే ఉన్నారు. ఇప్పుడెందుకు మానాలనిపిస్తోంది? ఈ ఏడాది కొత్తగా జరిగింది ఒక్కటే. మీ అమ్మాయి మీ క్లాసులోకి వచ్చింది.

మీ ఆరు లైన్లలో నేను చదివింది ఇది. "పక్షపాతం అనిపించుకోకూడదని దాన్ని క్లాసులో పేరు పెట్టి పిలవను. చెయ్యెత్తినా అడగను. అర మార్కు దగ్గర మిగతావాళ్ళకు వేస్తాను, దానికి వెయ్యను. హాఫ్ ఇయర్లీలో 80కి 41 వస్తే అందరి ముందూ నిలబెట్టాను." పొద్దున ఆరూ యాభైకి ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు, మీరు ముందు సీట్లో, తను వెనక. స్కూల్లో తెలుగు మాట్లాడకూడదు కాబట్టి అక్కడ మీరు తనకు 'మామ్'. తిరిగొచ్చేసరికి నాలుగున్నర. తర్వాత మీరు కరెక్షన్‌కు కూర్చుంటారు. ఇంతకీ ఆ పిల్లకు అమ్మ దొరికేదెప్పుడు?

మీ ఉత్తరంలో సంతోషంగా ఉన్న పేరా ఒక్కటే ఉంది. ఎనిమిదో తరగతిలో లెక్కలంటే ఏడ్చిన కుర్రాడు మీ దగ్గర తొమ్మిదిలో పాసయ్యాడని, వాళ్ళమ్మ ఉగాదికి డబ్బా నిండా హోళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చి మీ చేతులు పట్టుకుందని రాశారు. మన అనంతపురం ఓళిగల్లాగే ఉన్నాయని కూడా రాశారు. చదువుతుంటే నాకూ సంతోషమేసింది. ఈ పనిలో మిగిలేది అదే, దానికి ఏ స్లిప్పులోనూ గడి ఉండదు. కానీ ఆ కుర్రాడి కోసం మీరు ఎనిమిది నెలలు ఓపిక పట్టారు. భిన్నాల దగ్గర్నుంచి మళ్ళీ చెప్పారు. మీ అమ్మాయి 41 తెచ్చుకున్న రోజు ఎనిమిది నిమిషాలైనా ఆగారా? ఆ కుర్రాడి మీద మీరు చూపిన ఓపిక తనకూ తెలిసే ఉంటుంది కదా.

ఇది కోపంగా రాస్తున్నానని మీకు అనిపించొచ్చు. కోపమే, కొంత పాతది. మా అమ్మ చిత్తూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఎనిమిది నుంచి పది దాకా నేను ఆవిడ క్లాసులోనే చదివాను. అందరికీ ఒక దెబ్బయితే నాకు రెండు. ఇప్పుడు ఆవిడకు 84, మల్లేశ్వరంలో నా దగ్గరే ఉంటోంది. మొన్న నా క్లాస్‌మేట్ ఒకడు ఆవిడను చూడ్డానికి వచ్చాడు. వాడు ఏ బెంచీలో కూర్చునేవాడో, పక్కన ఎవరో, అన్నీ చెప్పింది. వాడు వెళ్ళాక అడిగాను, నేను ఏ బెంచీలో కూర్చునేదాన్నమ్మా అని. "నువ్వా? నిన్ను చూసేదాన్ని కాదే. చూస్తే నవ్వొస్తుందని" అంది. ఆ ఒక్క మాట నాకు పద్నాలుగో ఏట తెలిసుంటే బాగుండేది. తెలియడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది.

ఇక టీచర్స్ డే. రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయిన 1962 నుంచీ ఆయన పుట్టినరోజును మనం ఇలా జరుపుకుంటున్నాం. మైసూరు యూనివర్సిటీ వదిలి కలకత్తా వెళ్తున్నప్పుడు శిష్యులే ఆయన బండిని రైల్వే స్టేషన్ దాకా లాగారని చెప్తారు. మీ మేనేజ్‌మెంట్ కూడా ఆ కథ చెప్పి, ఒక గులాబీ, ఒక పెన్ను చేతిలో పెట్టి, మర్నాడు రెండు సబ్‌స్టిట్యూషన్లు వేసుంటుంది. అది పక్కన పెట్టండి. ఆ రోజు స్టేజీ మీద మీ అమ్మాయి ఏం చేసిందో మీరే రాశారు. "నెక్స్ట్, సిట్" అంటూ అందర్నీ పలకరించి, ముందు బెంచీలో చెయ్యెత్తిన ఒక పిల్లను మాత్రం చూడకుండా బోర్డు వైపు తిరిగింది. స్టాఫ్ నవ్వింది మీ గొంతుకు. ఆ చెయ్యెత్తిన పిల్ల ఎవరో మీకు తట్టలేదా? తట్టింది. అందుకే మీకంత కోపం వచ్చింది, అందుకే రెండు నెలలుగా మాట్లాడటం లేదు. తను వెక్కిరించలేదమ్మా, ఇంట్లో చెప్పడానికి వీలుకానిది అక్కడ చెప్పింది.

ఈ వారమే కోఆర్డినేటర్‌ను కలిసి అమ్మాయి సెక్షన్‌ను ఇంకో మ్యాథ్స్ టీచరుకు ఇవ్వమనండి. టైమ్‌టేబుల్‌లో రెండు పేర్లు మార్చడమే, బ్రహ్మవిద్య కాదు. కుదరదంటే, వచ్చే ఏడాది తను పదో తరగతి అని గుర్తు చెయ్యండి. సీబీఎస్‌ఈలో 80 బోర్డు పరీక్షకు, 20 ఇంటర్నల్‌కు. ఆ ఇరవై కన్నతల్లే వేస్తే, ఎక్కువ వేసినా తక్కువ వేసినా మాట పడేది స్కూలే. ఇది వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. ఫీజు రాయితీ తీసుకుంటున్నాం కదా, నోరెత్తితే ఏమంటారో అని మీరు రాశారు. ఆ రాయితీ వాళ్ళ దయ కాదు, మీ జీతంలో ఒక భాగం. పదకొండో ఏడు నడుస్తోంది, ఇంకా తల వంచుకుని తిరుగుతానంటే నేను ఒప్పుకోను.

ఇంట్లో కూడా మ్యాథ్స్ మీరుగా చెప్పొద్దు. తను అడిగితే అప్పుడు కూర్చోండి. 41 గురించి ఇక ఎత్తొద్దు. స్కూల్లో పలకరించొద్దంటే పలకరించకండి, ఆ పాటి మాట వినొచ్చు. బస్సు దిగి ఇంటికి నడిచే ఆ పది నిమిషాలు మాత్రం తెలుగులో మాట్లాడండి, స్కూలు ఊసు లేకుండా. మొదట్లో జవాబు రాదు. ఆ కుర్రాడి దగ్గర కూడా మొదటి రెండు నెలలూ రాలేదని మీరే రాశారు.

ఇంకో సంగతి. ఇంట్లో అన్ని చీరలుండగా, పేరెంట్స్ మీటింగ్‌కు మీరు కట్టే నీలం చీరే తీసిందని కోపంగా రాశారు. పద్నాలుగేళ్ళ పిల్లకు కుచ్చిళ్ళు పెట్టుకోవడం రాదు. ఆ రోజు తనకు చీర ఎవరు కట్టారో మీరింతవరకూ అడగలేదు. ఈ సాయంత్రం బస్సు దిగాక అది అడగండి.