సమాధానం: నీరో నాణెం 7.25 గ్రాములే తూగితే నకిలీదా?

టెన్షన్ పడకండి సార్, రోమన్ చక్రవర్తి నీరో వేయించిన మీ బంగారు నాణేనికి ఆ బరువు సరైనదే. మీరు పోల్చి చూసిన, మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ నాణెం సుమారు 7.8 గ్రాములు ఉంటుంది. క్రీ.శ. 64లో నీరో బరువు తగ్గించాడు. అంతకుముందు ఒక రోమన్ పౌండు (సుమారు 325 గ్రాముల) బంగారంతో 40 నాణేలు కొట్టేవారు, ఆ తర్వాత 45 కొట్టారు. బంగారం నాణ్యత మాత్రం పెద్దగా తగ్గలేదు.

మీ ఫొటోలో నీరో తలమీద ఆకుల దండ ఉంది, వెనుక వైపు రోమన్ దేవుడు జూపిటర్ కూర్చుని ఉన్నాడు. ఇది 64 తర్వాతి రకమే. పాతవాటిలో తలమీద దండ ఉండదు, చాలావాటి వెనుక ఓక్ ఆకుల దండ కనిపిస్తుంది. మీ నాణెం ఆ పాత రకమై ఉండి 7.25 తూగితే అప్పుడు నేనూ అనుమానించేవాణ్ణి.

మీ నాణెంపై నీరో ముఖం మీదున్న ఉలి గాటు చూసి కూడా కంగారు పడనక్కర్లేదు. 1898లో తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో ఎక్కువ భాగానికి ఇలాంటి గాట్లే ఉన్నాయి. నాకు చాలా ఇష్టమైన నిధి అది!

అయినా ఒక్క పరీక్ష చేయండి. నాణేన్ని సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి తూస్తే బరువు దాదాపు 0.38 గ్రాములు తగ్గాలి. బాగా ఎక్కువ తగ్గితే లోపల వేరే లోహం ఉన్నట్టే. అంచు చుట్టూ అచ్చు అతుకు గీత (పోతపోసిన నకిలీకి గుర్తు) ఉందేమో భూతద్దంతో చూడండి. దయచేసి పాలిష్ మాత్రం పెట్టించకండి.