నోటుకు కాలదోషం పట్టడమంటే ఏమిటి? చెల్లు ఎందుకు వేయిస్తారు?

అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రామిసరీ నోటుపై దావా వేయడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. అది నోటు రాసిన తేదీ నుంచే లెక్క, మీరు డబ్బు అడిగిన రోజు నుంచి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. అంటే కోర్టు దారి మూసుకుపోయింది గానీ బాకీ మాసిపోలేదు. బాకీదారు తనంతట తాను తీరిస్తే నిక్షేపంగా పుచ్చుకోవచ్చు.

ఇక చెల్లు. మూడేళ్లు నిండకముందే అసలులోనో వడ్డీలోనో కొంత కట్టించుకుని, ఆ సంగతి నోటు వెనక తేదీతో రాయించి బాకీదారు చేత సంతకం పెట్టించాలి. ఆ జమ తేదీ నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు. వందో రెండొందలో అయినా సరే. డబ్బు ముట్టకపోయినా, ఫలానా బాకీ ఉన్న మాట నిజమేనని గడువులోపు రాసి సంతకం చేస్తే చాలు. అప్పిచ్చినవాడు తనంతట రాసుకున్న చెల్లు మాత్రం చెల్లదు.

గడువు దాటాక చెల్లు వేసినా లాభం లేదు. అప్పుడు మిగిలింది ఒక్కటే: పాత బాకీ తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసివ్వడం. కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ దాన్ని ఒప్పుకుంటుంది.