ఫామ్ తగ్గింది, టీమ్ మార్చాలా?

ప్రశ్న: మాది జడ్చర్ల. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. చిన్నప్పటి నుంచి కార్టింగ్ (కార్ట్ అనే చిన్న బండ్ల రేసింగ్) చేస్తున్నాడు. పోయినేడాది జాతీయ స్థాయి రోటాక్స్ ఇంజిన్ల కార్టింగ్ పోటీల్లో, జూనియర్ విభాగంలో రెండుసార్లు మొదటి మూడు స్థానాల్లో వచ్చి పోడియం ఎక్కాడు. ఈ ఏడాది సీనియర్‌కి మారాక మొదటి పదిమందిలో కూడా ఉండడం లేదు. టీమ్ వాళ్లు సరిగా పట్టించుకోవడం లేదని నా అనుమానం. బెంగళూరులోనే ఇంకో టీమ్ వాళ్లు ఫోన్ చేసి, ఇప్పుడే వచ్చేస్తే ముందు వరసలో నిలబెడతామని అంటున్నారు. డబ్బు మాత్రం మొత్తం ముందే కట్టాలట. పోలేపల్లి వైపు ఉన్న ఎకరం అమ్మేద్దామని నేను, ముందు చదువు సంగతి చూడమని వాళ్లమ్మ. వాణ్ని అడిగితే ఏమీ మాట్లాడడు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ సీజన్ మధ్యలో టీమ్ మార్చకండి. ఆ ఎకరం అమ్మకండి. మీరు తొందరలో ఉన్నారని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, అందుకే ఈ రెండూ ముందు చెప్పేస్తున్నాను.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది. అబ్బాయి జూనియర్ నుంచి సీనియర్‌కి మారాడు. రోటాక్స్ జూనియర్ ఇంజిన్ సుమారు 23 హార్స్‌పవర్ ఇస్తే, సీనియర్‌ది సుమారు 30. రెండూ 125 సీసీవే అయినా నడిపే తీరు ఒకటి కాదు. బ్రేక్ వేసే చోటు మారుతుంది, మలుపులోంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ తొక్కే క్షణం మారుతుంది. పక్కన ఉండేవాళ్లు కూడా మారతారు. రెండు మూడేళ్లుగా అదే క్లాసులో నడుపుతున్న కుర్రాళ్లతో ఇప్పుడు పోటీ. మొదటి ఏడాది వెనకబడటం ఇక్కడ మామూలే. దాన్ని ఫామ్ పోవడం అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకొకటి, 16 ఏళ్ల వయసులో పిల్లలు ఒక్కసారిగా పెరుగుతారు. పోయినేడాది నుంచి ఎంత ఎత్తు పెరిగాడో, ఎంత బరువు పెరిగాడో ఒకసారి చూడండి. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు, మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే డిఫరెన్షియల్ కూడా ఉండదు. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త నేల విడిస్తేనే బండి సాఫీగా తిరుగుతుంది. అలా లేవడం ఛాసిస్ (బండి చట్రం) వంగే తీరు మీద, డ్రైవర్ బరువు ఎక్కడ పడుతోంది అన్నదాని మీద ఆధారపడుతుంది. డ్రైవర్ ఎత్తు పెరిగితే బరువు పైకి జరుగుతుంది. చక్రం అవసరానికి మించి లేస్తుంది, బండి ఎగురుతున్నట్టు ఉంటుంది. సీటును కొద్ది మిల్లీమీటర్లు జరిపినా తేడా తెలిసే ఆట ఇది. పోయినేడాది కొలతలతో బిగించిన సీటులోనే ఇప్పటికీ కూర్చుంటున్నాడా అని మెకానిక్‌ని అడగండి. పైగా ప్రతి క్లాసుకూ డ్రైవర్‌తో కలిపి కనీస బరువు ఉంటుంది. తక్కువ ఉన్నవాళ్లు సీసం దిమ్మలు బిగించుకుని సరిచేసుకుంటారు. ఎక్కువైనవాళ్లు ఆ అదనపు బరువును ప్రతి లాప్‌లోనూ, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే ప్రతి చుట్టులోనూ మోయాల్సిందే. ఇవి చూడకుండా టీమ్ మార్చడం, మన పాలమూరులో బోరు ఎందుకు ఎండిందో చూడకుండా పక్కనే ఇంకోటి వేయించినట్టే.

ఇక టీమ్ మీద మీ అనుమానం. దాన్ని కొట్టిపారేయను, కానీ తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రేసింగ్‌లో డ్రైవర్‌ని కొలిచేది పాయింట్ల పట్టికతో కాదు, అదే టీమ్‌లో అదే బండి నడిపే టీమ్‌మేట్‌తో. ఫార్ములా వన్‌లో డేనియల్ రికియార్డో సంగతి చూడండి. 2021లో ఇటలీలోని మోంజా ట్రాక్‌లో మెక్‌లారెన్‌కి రేసు గెలిచి పెట్టాడు. 2022లో అదే టీమ్‌లో లాండో నోరిస్ 122 పాయింట్లు తెస్తే ఇతను తెచ్చింది 37. ఒప్పందం ఇంకో ఏడాది ఉండగానే టీమ్ అతన్ని వదులుకుంది. రికియార్డో ప్రతిభ మీద ఎవరికీ సందేహం లేదు. ఆ కారు అతనికి ఒదగలేదు, పక్కవాడికి ఒదిగింది. టీమ్‌మేట్ అంకె పక్కన లేకపోతే ఆ తేడా బయటపడేదే కాదు.

మీ అబ్బాయి టీమ్‌లో సీనియర్ నడిపేవాళ్లు ఇంకా ఉంటారు కదా. ఈ సీజన్ లాప్ టైమ్ షీట్లన్నీ అడిగి తీసుకోండి. ఒక్క బెస్ట్ లాప్ చూసి ఏమీ అనుకోవద్దు, ముందు బండి వెనకాల గాలి చాటున వెళ్తే ఎవరికైనా ఒక లాప్ బాగా వస్తుంది. ఒకే సెషన్‌లో ఇద్దరివీ బెస్ట్ పది లాప్‌ల సగటు తీయండి. ఎవరికి కొత్త టైర్లు, ఎవరికి పాతవి అన్నది పక్కన రాసుకోండి. తర్వాత బండి వేగం, సమయాలు నమోదు చేసే డేటా లాగర్‌లో సెక్టార్ల (ట్రాక్ భాగాల) వారీగా చూపించమని కోచ్‌ని అడగండి. టీమ్‌లో అందరూ స్ట్రెయిట్ మీదే వెనకబడుతుంటే ఇంజిన్, స్ప్రాకెట్ (చైన్ పళ్ల చక్రం), కార్బురేటర్ జెట్టింగ్ (ఇంజిన్‌కి వెళ్లే ఇంధనం పాళ్లు)ల సంగతి, అంటే టీమ్ పని. మీవాడు మాత్రమే ప్రతిసారీ అదే మలుపులో సెకనులో రెండు పదో వంతులు పోగొట్టుకుంటుంటే అది లైన్ (మలుపులో బండి వెళ్లే దారి), బ్రేకింగ్. దానికి కోచింగ్ కావాలి. మొదట బాగా వెళ్లి సగం రేసయ్యాక పడిపోతుంటే, టైర్ ప్రెషర్ ఎక్కువ పెడుతున్నారేమో చూడాలి. లేదంటే ఒంట్లో ఓపిక చాలడం లేదు. సీనియర్ కార్ట్ మెడనూ పక్కటెముకలనూ బాగా కుదుపుతుంది. పక్కటెముకల నొప్పి దాచుకుని నడిపే పిల్లలు ఉంటారు. అదేమైనా ఉందా అని వాళ్లమ్మను అడిగించండి. నాన్నకి చెప్పనివి అమ్మకి చెబుతారు.

ఒక ప్రాక్టీస్ సెషన్‌లో ఇద్దరి ఇంజిన్లూ మార్చి నడిపించమని కూడా అడగవచ్చు. సీలు వేసిన ఇంజిన్లయినా ఒకదానికీ ఇంకోదానికీ కాస్త తేడా ఉంటుంది. ఈ కోరిక విన్నప్పుడు టీమ్ ఎలా స్పందిస్తుందో గమనించండి, నా దృష్టిలో అసలు పరీక్ష అదే. షీట్లు ముందు పెట్టి, తప్పు ఎక్కడుందో ఓపికగా మాట్లాడే టీమ్ దొరికితే, ఫలితాలు రాకపోయినా వదులుకోకండి. ‘‘మీకెందుకు సార్ ఇవన్నీ, మేం చూసుకుంటాం’’ అని ప్రతిసారీ దాటవేస్తే మాత్రం సీజన్ చివర్లో మారిపోండి, నేనే మారమంటాను.

మారడం వల్ల మేలు జరిగినవాళ్లూ ఉన్నారు. పియర్ గాస్లీని 2019లో రెడ్‌బుల్ 12 రేసుల తర్వాత తీసేసి, తమ చిన్న టీమ్ టోరో రోసోకి పంపింది. చాలామంది అతని పని అయిపోయిందనుకున్నారు. అదే ఏడాది బ్రెజిల్‌లో రెండో స్థానంలో వచ్చాడు. ఆల్ఫా టౌరీగా పేరు మారిన అదే టీమ్‌కి 2020లో మోంజాలో రేసు గెలిచాడు. పెద్ద టీమ్‌లో ఊపిరాడనివాడు చిన్న టీమ్‌లో తేరుకున్నాడు. మీకు ఫోన్ చేసినవాళ్లు పెద్ద టీమా, చిన్న టీమా అన్నది కాదు ముఖ్యం. అక్కడ మీవాడిని ఎవరు చూసుకుంటారు, ఒక్కో మెకానిక్‌కి ఎన్ని బండ్లు, కోచ్ ట్రాక్ పక్కన నిలబడతాడా అన్నవి అడగండి.

లూయిస్ హామిల్టన్ 2013లో మెక్‌లారెన్ వదిలి మెర్సిడెస్‌కి వెళ్లినప్పుడు తప్పు చేస్తున్నాడని విమర్శించినవాళ్లు చాలామంది. మొదటి ఏడాది గెలిచింది ఒక్క రేసే. 2014లో ఇంజిన్ల నిబంధనలు మారాయి, అక్కడి నుంచి 2020 వరకు ఆరు టైటిళ్లు. అతను వెళ్లింది ఫామ్ పోయి కాదు, రాబోయేది చూసుకుని. మన బెంగళూరు కుర్రాడు కుష్ మైనీ ఫార్ములా వన్‌కి ఒక మెట్టు కిందున్న ఫార్ములా టూలో 2023లో కాంపోస్, 2024లో ఇన్విక్టా, 2025లో డ్యామ్స్, ఇలా ఏడాదికో టీమ్ మారాడు. ప్రతిసారీ కొత్త సీజన్‌కే, మధ్యలో కాదు. ఇన్విక్టాలో అతని టీమ్‌మేట్ గాబ్రియెల్ బొర్టొలెటో ఛాంపియనై ఫార్ములా వన్‌కి వెళ్లిపోయాడు, అంటే బండి మంచిదే. ఆ ఏడాది వెనకబడిన కుష్ 2025 మేలో మొనాకోలో స్ప్రింట్ (తక్కువ దూరం) రేసు గెలిచాడు. ఒక ఏడాది ఫలితాలతో డ్రైవర్ని తూచకూడదని చెప్పడానికి మనవాడే ఉదాహరణగా ఉన్నాడు.

ముందు వరసలో నిలబెడతామన్న మాట దగ్గర నాకు భయం వేసింది. ఏ నిజాయితీ గల టీమూ స్థానం మీద హామీ ఇవ్వదు, ఇవ్వలేదు కూడా. వాళ్లకి నమ్మకం ఉంటే సీజన్ అయ్యాక ఒక టెస్ట్ రోజు ఇవ్వమనండి. వాళ్ల బండిలో, వాళ్ల టీమ్ కుర్రాడు కూడా అదే రోజు అదే ట్రాక్ మీద నడుపుతుండగా మీవాణ్ని నడపనివ్వండి, ఆ రోజుకి డబ్బు కట్టండి. నచ్చితే రౌండ్‌కింత అని చెల్లించేలా మాట్లాడుకోండి. ఇంజిన్ ఎవరిది, యాక్సిడెంట్ అయితే విరిగిన భాగాల ఖర్చు ఎవరిది, మధ్యలో మానుకుంటే ఎంత వెనక్కి ఇస్తారు, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. ఇప్పటి టీమ్‌తో ఉన్న ఒప్పందం కూడా తీసి చదవండి, సంతకం చేసినప్పుడు చదివి ఉండకపోవచ్చు.

భూమి గురించి ఎందుకు అంత గట్టిగా చెప్పానంటే, ఈ ఆటలో కార్టింగ్ ఖర్చు తక్కువ మెట్టు. తర్వాతి మెట్టు ఫార్ములా ఫోర్. మన దేశంలో ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ గుర్తింపుతో ఆ ఛాంపియన్‌షిప్ 2023 నుంచి జరుగుతోంది, వయసు 15 నిండితే చాలు. మీవాడికి అర్హత వచ్చేసింది, అందుకే మీకీ కంగారు కూడా. అక్కడ అందరికీ ఒకే రకం కారు, ఒకే ఇంజిన్. డబ్బు పెట్టి వేగం కొనలేరు. కార్టింగ్‌లో తన బండి ఎందుకు నెమ్మదించిందో ఇంజినీర్‌కి మాటల్లో చెప్పడం నేర్చుకున్న కుర్రాడే అక్కడ నిలబడతాడు. ఆ నేర్పు కోసం ఇంకో ఏడాది కార్టింగ్‌లోనే ఉన్నా నష్టం లేదు. ఎకరం ఇప్పుడే పోతే ఆ మెట్టు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు.

చదువు విషయంలో నేను వాళ్లమ్మ పక్షం, కానీ ఆమె అనుకునే కారణంతో కాదు. ఎంపీసీ ఈ ఆటకి అడ్డం కాదు, ఆటలో ఇంకో తలుపు. టీమ్‌లకి డేటా ఇంజినీర్లు, రేస్ ఇంజినీర్లు కావాలి, బండి నడిపిన అనుభవం ఉన్న ఇంజినీర్ అరుదు. ఈఏపీసెట్ రాసి మెకానికల్‌లోనో ఆటోమొబైల్‌లోనో చేరితే, ఫార్ములా భారత్ లాంటి పోటీలకి విద్యార్థులే కారు తయారుచేసుకుని కోయంబత్తూరు ట్రాక్‌కి తీసుకెళ్తారు. అలాంటి టీమ్ ఉన్న కాలేజీనే వెతకండి. అటెండెన్స్ మరీ ఇబ్బందయితే ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ చేసే దారి ఉంది. కానీ ఫస్టియర్ మధ్యలో అది కూడా మార్చి, టీమూ మార్చి, వాడి చుట్టూ ఉన్నవన్నీ ఒకేసారి కదిలించకండి.

అబ్బాయి మౌనం గురించి. వాడికి ఆ ఎకరం సంగతి తెలిసే ఉంటుంది. తన కోసం భూమి అమ్ముతారని తెలిసిన పిల్లవాడు ‘‘టీమ్ బాగానే ఉంది, తప్పు నాదే’’ అని ఎలా చెబుతాడు? ‘‘నాకు సీనియర్ క్లాస్ భయంగా ఉంది’’ అని ఎలా అంటాడు? ముందు భూమి అమ్మడం లేదని వాడికి స్పష్టంగా చెప్పండి. వచ్చే రౌండ్‌కి మీరు ట్రాక్ కంచె దగ్గర నిలబడకుండా కాస్త దూరంగా ఉండండి. బెంగళూరు నుంచి 44వ నంబర్ హైవే మీద తిరిగొచ్చేటప్పుడు రేసు మాట మీరు ఎత్తకండి, వాడు ఎత్తితే వినండి. టీమ్ మారాలని వాడే అంటే, ఎందుకో వాడి మాటల్లోనే ఒక కాగితం మీద రాయమనండి. అందులో బండి గురించి, కోచ్ గురించి ఉంటే నాకు పంపండి, సీజన్ చివర్లో ఏ టీమ్ అన్నది ముగ్గురం కూర్చుని మాట్లాడదాం. వాళ్లమ్మను కూడా తీసుకురండి.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. ఎత్తు, బరువు కొలిచి మెకానిక్‌కి ఫోన్ చేసి చెప్పండి, వచ్చే ప్రాక్టీస్‌కి ముందే సీటు మళ్లీ బిగించమనండి.