పెట్రోలు ధర పెరుగుతోంది, బరంపురంలో పాత అంబాసిడర్ ఉంచుకోవడం భారమా?

రోజూ ఆఫీసుకి తీస్తే భారమే. పెట్రోలు అంబాసిడర్ లీటరుకి పది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. లీటరు వంద రూపాయలనుకుంటే ఇచ్ఛాపురం వెళ్లి రావడానికి సుమారు ఐదొందలు. ధర ఇంకో పది పెరిగితే ఆ ట్రిప్పుకి యాభై ఎక్కువ, అంతే. ఆదివారం సరదాకి బయటికి తీసేవాళ్లు దానికి బండి అమ్ముకోరు. గోపాలపూర్ దాకా వెళ్లి తిరిగొచ్చేస్తారు.

నన్నడిగితే ధరకంటే పెట్రోల్లో కలిపే 20 శాతం ఇథనాల్‌ (ఒక రకం ఆల్కహాల్) తోనే టెన్షన్. పాత రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ గాస్కెట్లు ఉబ్బి పాడవుతాయి, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ తేమ లాగి ట్యాంకుకి తుప్పు పట్టిస్తుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, అంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన బండి కాదు కాబట్టి ముందు ఆ పైపులు మార్పించండి.