ఒకటో ర్యాంకు కూలిన మర్నాడు రాసేవాడికి

తమ్ముడూ,

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ర్యాంకుల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కాస్త చిరాకేసింది. నవ్వొచ్చింది ఎక్కడంటే, వ్యాండర్‌బిల్ట్ గెలిచిన రాత్రి నాష్‌విల్‌లో జనం గోల్‌పోస్టు పీకి భుజాన వేసుకుని, బ్రాడ్‌వే మీదుగా కంబర్లాండ్ నదిలో పడేయడానికి పోతుంటే నువ్వు చెప్పు తెగి ఒంటి చెప్పుతో వాళ్ల వెనక నడిచిన చోట. చిరాకేసింది ఆ తర్వాతి పేరాలో. "ఇది పచ్చి మోసం" అని ఎత్తుకుని చివరిదాకా అదే పాట.

నీ బాధ నాకర్థమైంది. 2024 అక్టోబర్ 5న వ్యాండర్‌బిల్ట్ 40-35తో ఒకటో ర్యాంకు అలబామాను ఓడించింది. మర్నాడు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ప్రతి వారం మొదటి 25 జట్లకు ర్యాంకులిచ్చే ఏపీ పోల్‌లో అలబామా ఏడుకు దిగింది, అంతే. గెలిచినవాళ్లకు 25లో చోటే దక్కలేదు. వినడానికి అన్యాయంగానే ఉంది. కానీ నువ్వు రెండు సంగతులు మింగేశావు. మూడు వారాల ముందు ఇదే వ్యాండర్‌బిల్ట్ జార్జియా స్టేట్ చేతిలో ఓడింది. అలబామా అయితే సరిగ్గా వారం ముందు రెండో ర్యాంకు జార్జియాను 41-34తో కొట్టి ఆ ఒకటో స్థానం తెచ్చుకుంది. ఇవి రాస్తే వాదన పలచబడుతుందని భయపడ్డావు కదూ? పాత స్కోర్లు వెతుక్కోవడం ఎవరికైనా రెండు నిమిషాల పని. అవి కంటపడ్డాక చదివేవాడు నీ ఒంటి చెప్పును కూడా నమ్మడు.

ఒక పని చెయ్. సీజన్ మొదలయ్యాక ఏదో ఒక ఆదివారం పొద్దున తెల్లకాగితం తీసుకుని 1 నుంచి 25 దాకా నువ్వే నింపు. నేను చాలా ఏళ్లుగా వంటింటి బల్ల మీద ఈ తద్దినం పెడుతున్నాను, మీ వదిన వచ్చి ఆ కాగితం మీదే చట్నీ గిన్నె పెట్టేదాకా. మొదటి ఎనిమిది చకచకా పడిపోతాయి. పన్నెండు దాటాక పెన్ను ఆగుతుంది, ఎందుకంటే ఆ కింది జట్లలో సగం నువ్వు చూసి ఉండవు. అప్పుడు నీ చెయ్యి ఏం చేస్తుందో గమనించు. దానంతటదే పోయిన వారం కాగితం వైపు పోతుంది, గెలిచినవాణ్ణి రెండు మెట్లు ఎక్కించి ఓడినవాణ్ణి ఆరు మెట్లు దించి హమ్మయ్య అనుకుంటుంది. ఏపీ ఓటర్లు అరవై మంది చిల్లర. అందరూ పత్రికలవాళ్లు, టీవీ రేడియోవాళ్లు. మ్యాచ్‌లుండే శనివారమంతా ఏదో ఒక జట్టు వెంట తిరిగి, రాత్రి వార్త పంపి, తెల్లారి బ్యాలెట్ నింపేవాళ్లే ఎక్కువ. మోసం చెయ్యాలన్నా తీరిక ఉండాలిగా!

మరి పోయిన వారం కాగితం ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతకుముందు వారం నుంచి. అలా వెనక్కి పోతూ పోతూ ఆగస్టులో తేలతావు, ఒక్క ఆట కూడా జరగకముందు వేసిన జాబితా దగ్గర. ఆ ఏడాది అందులో అలబామా 5, నోటర్ డేమ్ 7, వ్యాండర్‌బిల్ట్ పేరే లేదు. మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్)లో పరీక్ష రాశాక ర్యాంకు ఇస్తారు. ఇక్కడ ముందు ర్యాంకు ఇచ్చేసి, తర్వాత రాసిన పేపర్‌ను ఆ ర్యాంకు చూసి దిద్దుతారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటాం కదా, ఆ కంపు ఓటరు ముక్కుకు తగలడానికి నెల పడుతుంది. నీ కోపం ఇక్కడ పెట్టు, నేనూ నీతో ఉంటాను. ఎన్ని మెట్లు దించారని లెక్కపెట్టే ముందు, అసలు ఆ మెట్టు ఎవరెక్కించారో అడుగు.

ఇంకోటి. గెలుపు విలువ ఆ రాత్రికే తేలిపోదు. అదే ఏడాది సెప్టెంబర్ 7న నోటర్ డేమ్ 14 లక్షల డాలర్లిచ్చి మరీ నార్తర్న్ ఇల్లినాయ్‌ని పిలిపించుకుని, సొంత మైదానంలో 16-14తో ఓడింది. ఆట ముగియడానికి 31 సెకన్లుండగా 35 గజాల ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్‌పోస్టు మధ్యకు తన్ని మూడు పాయింట్లు. గెలిచిన జట్టు కోచ్ టీవీ ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. నోటర్ డేమ్ 5 నుంచి 18కి పడింది, నార్తర్న్ ఇల్లినాయ్ వాళ్లు 25లోకి వచ్చారు. ఆ తర్వాతి మ్యాచ్‌లోనే బఫలో చేతిలో ఓడి మళ్లీ బయటికి పోయారు. నోటర్ డేమ్ ఏమో 2025 జనవరిలో ఫైనల్ దాకా వెళ్లి ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఆగింది. ఆ 18 తప్పా? ఆ ఆదివారం నాకు అది సరైన అంకెగానే కనబడింది, ఇప్పటికీ తప్పనలేను. ర్యాంకు జాతకం కాదుగా, ఆనాటికి కళ్లముందున్నది చెప్తే చాలు.

నిజంగా కడుపు మండాల్సింది 2023 డిసెంబర్‌లో. ఫ్లోరిడా స్టేట్ 13 ఆడి 13 గెలిచింది. ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగిందని, అతను లేని జట్టు అంత గట్టిది కాదని, ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కి జట్లను ఎంచే కమిటీ వాళ్లను ఐదో స్థానంలో పెట్టింది. అప్పట్లో ప్లేఆఫ్‌కి వెళ్లేవి నాలుగు జట్లే. ఆ నాలుగో చోటు ఒక ఓటమి ఉన్న అలబామాకు. తర్వాత ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో వాళ్లను జార్జియా 63-3తో ఉతికితే "చూశారా, మేం చెప్పలేదూ" అన్నవాళ్లున్నారు. ఇరవై మందికి పైగా ఆటగాళ్లు తప్పుకున్న జట్టును చూపించి ఏం రుజువు చేస్తారు? ఓడితే దించడం మీద ఎంతైనా వాదించుకోవచ్చు. ఓడనివాణ్ణి ఊహ మీద దించడం వేరే సంగతి. మోసం అనే మాట అలాంటి రోజుకు దాచుకో, అప్పుడు కూడా రెండుసార్లు ఆలోచించి వాడు.

సరే, నీ వ్యాసం తిప్పి పంపుతున్నాను. జార్జియా స్టేట్‌ని రెండో పేరాలోనే పెట్టు, చివర్లో దాచకు. ఆగస్టు జాబితా ఒకసారి తిరగెయ్. గోల్‌పోస్టు భాగం జోలికి పోకు, అది బాగుంది. శుక్రవారం లోపు పంపితే చూస్తాను, శనివారం పొద్దున్నుంచీ నేను ఎవరికీ దొరకను.

మీ అన్న